పద్నాలుగో షీటు

ఆ వేసవిలో మా ఆఫీసుకి పాత పటాలు స్కాన్ చేసే యంత్రం ఒకటి వచ్చింది. దాన్ని నడపడానికి విజయనగరం నుంచి అనిత వచ్చింది. యంత్రం సంగతి అలా ఉంచితే, మధ్యాహ్నం క్యారేజీ విప్పేటప్పుడు ఎదురుగా ఒక మనిషి కూర్చోవడం నాకు చాలాకాలానికి దొరికింది.

మాది సాలూరు రోడ్డు పక్కన పాత బంగళాలో ఉన్న నీటిపారుదల ఆఫీసు. అందులో వెనకగది నాది. నేను ట్రేసర్ని. ఇంజినీరు గీసిన ప్లాను మీద పల్చటి గుడ్డ పరిచి, కింద కనబడే గీతల్ని పైన సిరాతో మళ్ళీ గీయడం నా పని. కంప్యూటర్లు వచ్చాక ఆ పని పోయింది, ఉద్యోగం మాత్రం మిగిలింది. కొత్తగా వచ్చిన అధికారులు నన్ను చూసి, మీరేం చేస్తుంటారండీ అని అడిగేవారు. పటాలు చూసుకుంటానండీ అనేవాణ్ణి. పటాలు ఎక్కడికీ పోవు, నేనూ పోను. అలా ఒకళ్ళనొకళ్ళం చూసుకుంటూ కూర్చునేవాళ్ళం. ఆషాఢంలో నా రిటైర్మెంటు.

ఇంటి దగ్గరా అంతే. కార్తీకంలో మా ఆవిడ జ్ఞానాంబ పోయింది. ఆవిడ మాటకారి. నేను సరిగా పలకనని కుక్కరుతో మాట్లాడేది, కూరలబ్బాయి తక్కెడతో మాట్లాడేది, రాని వానతో మాట్లాడేది. ఇప్పుడు ఆ కుక్కరు కూడా కూత పెట్టదు, నేను గిన్నెలో ఇంత అన్నం పడేసుకుంటాను. శనివారం సాయంత్రం బస్సులో కండక్టరుతో "గజపతినగరం ఒకటి" అన్నానంటే, మళ్ళీ సోమవారం పొద్దున అదే కండక్టరుతో మాట్లాడేదాకా నా గొంతు నాకే వినపడేది కాదు. అది నాకు బాధగా ఉండేది. బాధగా ఉందని చెప్పడానికి కూడా ఎవరో ఒకరు ఉండాలి కదా.

సరే, కాలువ సంగతి చెప్పాలి. మా ఎడమ కాలువ పాతది. దాని పటాలన్నీ రేకు గొట్టాల్లో చుట్టి మా గదిలో ఉండేవి. వాటిని స్కాన్ చేసి, అసలు ప్రతుల్ని రాజధానిలో భాండాగారానికి పంపమని ఉత్తర్వు వచ్చింది. అదే వేసవిలో కాలువకి నీళ్ళు కట్టేసి, అడుగూ గట్లూ కాంక్రీటు చేసే పని కూడా మొదలైంది. ప్లానులో ఉన్న తూములు ఉంచుతారు. ప్లానులో లేనివి రైతులు దొంగతనంగా పెట్టుకున్నవని లెక్కకట్టి కాంక్రీటుతో మూసేస్తారు. అందుకని ఎప్పుడూ ఎవరూ తొంగిచూడని నా గదికి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది.

ఒకరోజు గుమ్మంలో ఒకావిడ వచ్చి నిలబడింది. నెత్తిన తడి తువ్వాలు, చేతిలో చోడి అంబలి సీసా.

"కాలవ బొమ్మలు కాసీ బాబు నువ్వేనా?" అంది.

"నేనే. ఏం కావాలమ్మా?"

"మాది తుమ్మివలస. కాలవ సివరాకరి ఊరు. నా పేరు సిన్నతల్లి. మా తూము మూసీస్తారంట. మీ కాయితంలో నేదంట. నా పెళ్ళయి ఆ ఊరొచ్చిననాడు ఆ తూముకాడే కాళ్ళు కడుక్కుని ఇంట్లోకెల్లినాను. కాయితంలో నేకపోతే మరి నాను కాళ్ళు కడుక్కున్నది ఏటి?"

కూర్చోమన్నాను. ఆవిడ కుర్చీ కేసి ఓసారి చూసి, గుమ్మం మీదే కూర్చుంది. తెలుసుకుని చెప్తానన్నాను. ఆఫీసులో ఆ మాట అనడం నాకు బాగా వచ్చు. కానీ ఆవిడ నమ్మేసి, సీసా సర్దుకుని, "మళ్ళీ వస్తాను" అని వెళ్ళిపోయింది.

కాలువ పని చూసే ఇంజినీరు దేవేంద్ర. కుర్రవాడు, శ్రీకాకుళం వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఆ సాయంత్రం అడిగితే అతనే నా గదికి వచ్చి చివరి ఊరి పటం తీయించాడు. అది పద్నాలుగో షీటు. అందులో తుమ్మివలస దగ్గర తూము లేదు. కానీ షీటుకి అడ్డంగా ఈ మూల నుంచి ఆ మూలకి నీలం పెన్సిలుతో కొట్టేసి, రద్దు అని రాసి ఉంది.

"కూర్మనాథం గారూ, ఇది రద్దయిన షీటు కదండీ. దీని తర్వాత దిద్దిన షీటు, ఆమోదం పొందినది, ఇంకోటి ఉండాలి. అదేదీ?" అన్నాడు.

మిగతా షీట్లన్నీ ఆమోదం పొందినవే ఉన్నాయి. ఇదొక్కటే ఇలా ఉంది.

"అది దొరికి, అందులో తూము ఉంటే నేనే దగ్గరుండి పెట్టిస్తానండి," అన్నాడు దేవేంద్ర. "దొరక్కపోతే నా చేతిలో ఏం లేదు. పై ఊళ్ళవాళ్ళు అది దొంగ తూమని ఇప్పటికే అర్జీలు పెట్టారు. కాంక్రీటు ఆ ఊరు చేరేలోగా చూడండి."

అనితా నేనూ గొట్టాలన్నీ విప్పాం. గదినిండా నాఫ్తలీన్ వాసన, పటాల మధ్య నుంచి పరుగెత్తే వెండిరంగు పురుగులు. అనిత చుడీదారు చున్నీ ముక్కుకి కట్టుకుని, ఒక్కో పటం పరిచి, షీటు నంబరు చదివి, మళ్ళీ చుట్టేది. పద్నాలుగు ఎక్కడా రాలేదు. ఓ మధ్యాహ్నం అన్నం తింటూ ఉన్నట్టుండి అడిగింది.

"సార్, ప్రతి షీటుకీ ముందు ఒక రద్దయినది ఉంటాది కదా. మరి మిగతా రద్దువన్నీ ఏవైపోయాయి?"

"ఉతికేశాం."

"ఏటి సార్, ప్లాన్లు ఉతికేసినారా?"

నవ్వొచ్చింది నాకు. ఈ పిల్లకి తెలిసే అవకాశం లేదు. పాతరోజుల్లో ట్రేసింగు చేసేది కాగితం మీద కాదు, నీలంగా మెరిసే గుడ్డ మీద. దానికి గంజి దట్టంగా పట్టించి అద్దంలా చేసి పంపేవారు. గంజి పోతే లోపల ఉండేది ఎంతో సన్నటి నూలుగుడ్డ. చాకలిసోడా వేసి ఉడకబెట్టి ఉతికితే గంజి, సిరా పోయి, వెన్నలాంటి మెత్తటి గుడ్డ మిగిలేది. మా సెక్షనులో ఎవరి ఇంట్లో అయినా కానుపు దగ్గరపడితే, పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ అప్పలసూరి గారు రద్దయిన షీటొకటి తీసి చేతిలో పెట్టేవారు. పుట్టిన బిడ్డకి మొదటి గౌను దానితోనే కుట్టాలి. కొట్లో గుడ్డ పసివాళ్ళకి గుచ్చుకుంటుందని ఆయన నమ్మకం. మా సెక్షను పిల్లలందరూ ఏదో ఒక కాలువ తొడుక్కునే పెరిగారు.

అదంతా చెప్తే అనిత ముద్ద చేతిలో పట్టుకునే విన్నది.

"మీకూ ఇచ్చినారా సార్?"

"ఇచ్చారు."

"పిల్లలేం చేస్తన్నారు?"

"లేరమ్మా."

ఆ పిల్ల తన మాగాయ డబ్బా నా వైపు జరిపింది.

రోహిణి కార్తె వచ్చింది. ఆ ఎండలకి ఏటా జ్ఞానాంబ ఇనప్పెట్టెలో బట్టలన్నీ మేడమీద ఎండబెట్టేది. పట్టుచీరలు, నా పెళ్ళినాటి కోటు, అత్తగారి శాలువా, అన్నీ పరిచి, కాకులు వాలకుండా గొడుగేసుకుని కాపలా కూర్చునేది. ఈ ఎండలో బట్టలకంటే ముందు నువ్వు వేగిపోతావని నేను వెక్కిరించేవాణ్ణి. ఈ ఏడు మానేసినా అడిగేవాళ్ళు లేరు. అందుకే ఆదివారం పొద్దున్నే పెట్టె తెరిచాను.

అడుగున ఒక పాత దిండు గలీబు, అందులో వేపాకు పొడి, ఆ పొడిలో మడతపెట్టిన గౌను.

అది ఇంట్లో ఉందని నాకు తెలియదు. మాకు పుట్టింది ఆడపిల్ల. నెలలు నిండకుండా పుట్టి, పురుడు వెళ్ళకముందే పోయింది. నేను చూసింది నర్సు చేతుల్లో ఒక్కసారే. పేరు పెట్టలేదు. తర్వాత మాకు మళ్ళీ పిల్లలు పుట్టలేదు. ప్రపంచంలో ఉన్నవాటన్నిటి గురించీ మాట్లాడే జ్ఞానాంబ ఈ ఒక్క విషయం ఏనాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఏటా మేడమీద గొడుగు కింద ఆవిడ కాపలా కాసింది పట్టుచీరలకి కాదని ఆ పూట అర్థమైంది. గౌను పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఆవిడ పోయినప్పుడు కూడా అంత ఏడుపు రాలేదు.

కళ్ళు తుడుచుకుని గౌను దులిపి ఎండకి ఎత్తి పట్టుకున్నాను. తెల్లటి గౌను మీద చిన్న చిన్న ఎర్ర పూలు కుట్టి ఉన్నాయి. కానీ ఎవరూ పూలు అలా కుట్టరు. మెడ చుట్టూ లేవు, అంచు వెంబడి లేవు. కుడి భుజం దగ్గర ఒకటి, ఛాతీ మీద వంకరగా రెండు మూడు, నడుం దగ్గర ఒకటి, అక్కణ్ణించి మలుపు తిరిగి ఎడమవైపు అంచు మీద ఒకటి.

అప్పుడు గుర్తొచ్చింది. కడుపుతో ఉన్న జ్ఞానాంబ వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చుని సణుగుతోంది. "మీ ఆఫీసు నల్లసిరా పోయింది గానీ ఎరుపు చావలేదండీ. ఎన్నిసార్లు ఉడకబెట్టాను. మచ్చల గుడ్డ తొడుగుతామా పిల్లకి? మచ్చ ఉన్నచోటల్లా పువ్వు కుట్టేస్తున్నా." నేను పేపరు చదువుకుంటూ ఊఁ అన్నాను.

మా పటాల్లో ఎర్రసిరాతో గీసేది తూములే. ఆ మలుపు నాకు తెలుసు. చివరి ఊరికి ముందు కాలువ అలాగే తిరుగుతుంది. ఎన్నోసార్లు గీసిన మలుపు అది.

అప్పలసూరి గారికి అప్పటికే కళ్ళలో పొరలు. నీలం పెన్సిలు గీత ఆయనకి ఆనలేదు. రెండు షీట్లూ చేత్తో తడిమి, కొత్తది, మెత్తగా ఉన్నది ఏరి ఇచ్చారు. "కూర్మనాథం, మంచి గుడ్డ ఏరానయ్యా నీ బిడ్డకి" అన్నారు. నేనూ మడత విప్పి చూడకుండా ఇంటికి తెచ్చాను. ఆ మంచి గుడ్డే ఆమోదం పొందిన షీటు.

ముందు నాకు కోపం వచ్చింది. ఇంత పొడుగు కాలువలో ఈ ముక్కే దొరికిందా ఆయనకి అనిపించింది. ఆఫీసుకి పట్టుకెళ్తే పటంలా పరచమంటారు. పరచాలంటే కుట్లన్నీ విప్పాలి. గౌను గౌనులా ఉండదు. మాకు ఆ పిల్ల పుట్టిందన్నదానికి గుర్తు ఇదొక్కటే ఉంది, ఇదీ పోతుంది. మడతపెట్టి గలీబులో పెట్టేసి, పెట్టె మూసేశాను. కాకి ఒకటి పట్టుచీర మీద వాలి తీరుబడిగా నడుస్తున్నా తోలబుద్ధి కాలేదు.

ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. అనిత మాత్రం నా ముఖం చూసి, "జ్వరమా సార్?" అని రోజూ అడిగేది. ఎండ అనేవాణ్ణి.

ఆ వారంలోనే చిన్నతల్లి మళ్ళీ వచ్చింది. అదే తువ్వాలు, అదే సీసా, అదే గుమ్మం.

"కాంక్రీటు పక్కూరుకి వచ్చీసినాది బాబూ. ఆ మిషనీ మోత మా ఇంటికి వినబడతన్నాది. నీకు ఆ కాయితం దొరకనేదా?"

నేను తల దించుకుని బల్ల మీది కాయితాలు సర్దాను. లేదని అనడానికి నోరు రాలేదు, ఉందని అనడానికీ రాలేదు.

"పోన్లే, నువ్వేటి సేస్తావు. నీ కళ్ళు కూడా పీక్కుపోనాయి ఎతికెతికి," అంది. నన్ను ఓదారుస్తోంది ఆవిడ. సీసా మూత తీసి అంబలి ఓ గుక్క తాగి, నా వంక కాకుండా వరండాలో ఎండ వంక చూస్తూ చెప్పుకొచ్చింది. "మా కొడుకూ కోడలూ సెన్నై ఎల్లిపోతామంటన్నారు, బిల్డింగుల పనికి. నీళ్ళు నేని ఊర్లో ఎవులుంటారు? ఉండమని నాను మాత్రం ఏ మొకం ఎట్టుకుని సెప్తాను? ఆళ్ళెల్లిపోతే నానొక్కర్తినే బాబూ. పొద్దుగూకితే ఎవుల్తో మాటాడతాను? గోడల్తో మాటాడుకోవాల."

"గోడలు మాట్లాడవమ్మా," అన్నాను.

"అదే మరి," అంది.

ఆవిడ వెళ్ళిపోయింది. ఆవిడ భయపడుతున్న ఇల్లు ఎలా ఉంటుందో ఈ ఆఫీసులో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పగలు వంట, సాయంత్రం తలుపు గడియ, మధ్యలో ఏమీ లేదు. అలాంటి ఇల్లు ఇంకొకటి తయారవుతుంటే నేను పెట్టె మీద కూర్చుని కాపలా కాస్తున్నాను. నామీద నాకే రోత పుట్టింది.

మర్నాడు క్యారేజీ సంచీలో గలీబు కూడా పెట్టుకుని బస్సెక్కాను.

మా గదిలో ట్రేసింగుకి గ్లాసు బల్ల ఒకటుంది. కింద ట్యూబులైటు వేస్తే పైన పరిచిన గుడ్డలో గీతలు కనిపిస్తాయి. అన్నాల వేళ అందరూ బయటికి వెళ్ళాక గౌను దాని మీద పెట్టాను. అనిత తన క్యారేజీ పట్టుకుని వచ్చి ఆగిపోయింది.

"ఎవరిది సార్ ఈ గౌను?"

"ఇదేనమ్మా పద్నాలుగో షీటు."

ఆ పిల్ల గౌను వంక చూసింది, నా వంక చూసింది. క్యారేజీ కింద పెట్టి, లైటు స్విచ్చి వేసింది.

"పిన్నీసుందా నీ దగ్గర?"

గాజుకి తగిలించుకున్నది తీసి ఇచ్చింది. నేను పక్క కుట్టు దగ్గర మొదలుపెట్టాను.

"నేను విప్పనా సార్?"

"వద్దమ్మా. నేనే విప్పుతాను."

కుట్లు తేలిగ్గానే వచ్చాయి. ముళ్ళే రాలేదు. పిల్ల కాళ్ళు తన్నుకుంటుందని, అప్పుడు కుట్టు ఊడకూడదని, ప్రతి కుట్టు చివరా రెండేసి ముళ్ళు వేసింది జ్ఞానాంబ. ఒక్కో ముడీ పిన్నీసు మొనతో వదులుచేసి లాగుతుంటే చాలాసేపు పట్టింది. అనిత బల్లకి అవతల నిలబడి గుడ్డ జరగకుండా పట్టుకుంది. ఆ రోజు మేమిద్దరం అన్నం తినలేదు.

విప్పిన ముక్కల్ని రద్దయిన షీటు మీద పరిచాను. కింది గీతల మీద పైగుడ్డని కుదర్చడం నాకు వచ్చిన ఒకే ఒక్క పని. భుజం ముక్క, ఛాతీ ముక్క, అంచు, చేతులు, ఒక్కొక్కటే జరుపుతూ వెళ్ళాను. నల్లసిరా పోయినా కలం నొక్కిన జాడ లైటు వెలుగులో బూడిద రంగులో సన్నగా ఉంది. అది కింది షీటులో కాలువ మీద సరిగ్గా కూర్చుంది. పూలన్నీ వెళ్ళి తూముల మీద కూర్చున్నాయి. అంచు మీది ఆఖరి పువ్వు కింద మాత్రం రద్దయిన షీటులో ఏమీ లేదు. అది తుమ్మివలస.

దేవేంద్రని పిలిపించాం. వచ్చి, వంగి, చాలాసేపు చూశాడు.

"ఆ పువ్వు కింద ఏముందో చూడాలి కదండీ," అన్నాడు మెల్లిగా.

ఆఖరి పువ్వు విప్పాను. ఎర్రదారం మెలికలు తిరిగి బల్ల మీద పడింది. దారం కింద చెక్కుచెదరకుండా ఎర్రసిరాతో తూము గుర్తు, దాని పక్కన అదే సిరాతో అప్పటి పెద్ద ఇంజినీరు పొడి సంతకం. కుట్టు కింద ఎండ తగలక అక్కడ మాత్రం సిరా నిన్న గీసినట్టుంది.

దేవేంద్ర నిటారుగా నిలబడ్డాడు. "చాలండి," అన్నాడు. గుడ్డ వంక చూసి, "ఇది మీ..." అని మొదలుపెట్టి, ఆ మాట అక్కడితో ఆపేశాడు.

మర్నాడు పై అధికారిని తీసుకొచ్చి చూపించాడు. ఇద్దరూ ఊరెళ్ళి గట్టు తవ్విస్తే పాత సున్నం కట్టడపు తూము మొదలంటా బయటపడింది. కాంక్రీటు పని ఆ చోట ఆపి, తూము కొత్తగా కట్టడానికి కాయితం కదిలింది.

ఆ తర్వాత ఓ సాయంత్రం దేవేంద్ర నా గదికి వచ్చి, చెప్పడానికి మొహమాటపడుతూ నిలబడ్డాడు. "పై ఊళ్ళవాళ్ళు కోర్టుకి వెళ్తామంటున్నారండీ. స్కాన్ చూపిస్తే కంప్యూటర్లో ఎవరైనా గీయొచ్చంటారు. అసలు గుడ్డ ఉండాలి. మిగతా పటాలతోపాటు దీన్నీ భాండాగారానికి పంపాల్సి వస్తుంది."

"పంపండి," అన్నాను. పిన్నీసు పట్టుకున్ననాడే నాకు తెలుసు అది మళ్ళీ ఇంటికి రాదని.

స్కాన్ చేసేరోజు అనిత అడిగింది, మిగతా పూలు కూడా విప్పాలా సార్ అని. అవసరం లేదన్నాను. యంత్రం మీద ముక్కలన్నీ పటంలా పేర్చి లైటు పంపింది. తెరమీద కాలువ భుజం దగ్గర మొదలై, చంక దగ్గర తెగి, మళ్ళీ నడుం ముక్కలో కలుసుకుని, అంచుదాకా వచ్చింది. ఇకమీదట ఎవరు ఎక్కడ కూర్చుని మా కాలువ పటాలు తెరిచినా, పద్నాలుగో షీటులో తూములున్న చోటల్లా ఎర్ర పూలు ఉంటాయి. ఒక్క తుమ్మివలస దగ్గర తప్ప. ఆఖరి పువ్వు దారం ఏదని నేను అడిగితే, అనిత దాన్ని చిన్న కాయితంలో చుట్టి నా కళ్ళజోడు పెట్టెలో పెట్టింది.

తర్వాత అన్నీ చకచకా జరిగాయి. రేకు గొట్టాలన్నీ సాలూరు లారీలో రాజధానికి వెళ్ళిపోయాయి. అనితకి ఇచ్ఛాపురం వైపు ఇంకో ఆఫీసులో పని పడింది. వెళ్తూ నాకు ఓ మాగాయ సీసా ఇచ్చింది. రిటైర్మెంటు రోజున నాకు శాలువా కప్పి, దండ వేసి, నేను లేకపోతే ఆఫీసు ఎలా నడుస్తుందో అని నలుగురు మాట్లాడి పంపించారు. గది నిండా ఖాళీ అరలు. చూసుకోవడానికి పటాలు కూడా లేవు. బస్సెక్కితే కండక్టరు, నేను అడక్కుండానే టిక్కెట్టు చింపి ఇచ్చాడు. ఆ రోజు ఆ ఒక్క మాట అనే అవకాశం కూడా పోయింది.

కాలువకి నీళ్ళు వదిలే రోజున రమ్మని చిన్నతల్లి దేవేంద్ర చేత ఫోను చేయించింది. వెళ్ళాను. సర్వీసంతా గీసిన కాలువని కళ్ళారా చూడటం అదే మొదలు. గీతలో ఉన్న మలుపు నేల మీద అంత పెద్దదిగా ఉంటుందని నేననుకోలేదు. కొత్త తూముకి పసుపు పూసి బొట్లు పెట్టారు. ఆడవాళ్ళు చేటల్లో పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్కలు పెట్టుకుని గట్టుమీద నిలబడ్డారు. చిన్నతల్లి కోడలు కూడా చంకలో పిల్లాడితో అక్కడే ఉంది.

చిన్నతల్లి నన్ను గట్టుమీద నీడలో కూర్చోబెట్టి తనూ కూర్చుంది.

"ఇంజినీరు బాబు సెప్పినాడు. ఏదో గౌనులో దొరికినాదంట కదా మా తూము. ఎవులిది బాబూ ఆ గౌను?"

"మా అమ్మాయిది," అన్నాను.

ఆ మాట అంతవరకూ నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. అనవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

"ఏ ఊరిచ్చినారు?" అంది.

అందరూ అడిగే మాటే అడిగింది. నేను కాలువ వంక చూశాను. "ఇవ్వలేదమ్మా. పుట్టిన నాలుగు రోజులకే పోయింది. ఆ గౌను తొడగనే లేదు."

పైన మలుపు దగ్గర ఎవరో కేకేశారు. నీళ్ళు వస్తున్నాయి. ముందు నురుగూ చెత్తా దొర్లుకుంటూ వచ్చి, తర్వాత ఎర్రటి కొత్తనీరు గట్టు తడుపుకుంటూ వచ్చి, తూము దగ్గర కాసేపు తిరిగి, పొలాల్లోకి దిగింది. ఆడవాళ్ళు చేటలు పట్టుకుని దిగారు. చిన్నతల్లి కూడా దిగి, పసుపు కుంకుమలు నీళ్ళలో వదిలి, చేటలోని జాకెట్టు ముక్క మాత్రం వదలకుండా వెనక్కి వచ్చింది. ఆకుపచ్చ రంగుది. నా చేతిలో పెట్టింది.

"ఇదేమిటమ్మా?"

"ఆడపిల్ల గుడ్డ మా ఊరోళ్ళం తీసీసుకున్నాం. ఉట్టి సేతుల్తో పంపకూడదు. ఇది ఆ పిల్లకి."

"ఆ పిల్ల..."

"నువ్వు సెప్పినావు, నాను ఇన్నాను. ఉంచు బాబూ."

సాయంత్రం బస్సులో ఆ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికి వచ్చి తాళం తీస్తే ఇల్లు ఎప్పట్లాగే ఉంది. లైటు వేసి, పెట్టె తెరిచి, ఖాళీ గలీబులో వేపాకు పొడి మళ్ళీ పోసి, కళ్ళజోడు పెట్టెలోని ఎర్రదారం, ఆకుపచ్చ గుడ్డా అందులో పెట్టాను. వచ్చే ఏడు రోహిణిలో ఈ పెట్టె మళ్ళీ తీయాలి. మా అమ్మాయి గుడ్డ ఎండబెట్టాలి.